ఎక్సెల్ వీడియోల్లో అంకెలు మసకగా వస్తున్నాయి, మీరు స్క్రీన్ రికార్డింగ్ ఎలా చేస్తున్నారు?

మారతహళ్లి పీజీ:

అందరికీ నమస్తే. నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటాను, ఆఫీసులో రిపోర్టులు చేసే పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్‌తోనే. మా ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు ఏడెనిమిది మంది ఎక్సెల్ నేర్పమని అడిగారు, ఫోన్లో చెప్తే ఏ బటన్ ఎక్కడుందో వాళ్లకు అర్థం కాదు, అందుకని మూడు నెలల నుంచి తెలుగులో చిన్న చిన్న వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. రూమ్మేట్స్ ఇద్దరూ ఆదివారం క్రికెట్ ఆడటానికి వెళ్తారు, ఆ మూడు గంటలే నాకు దొరికేది.

పోయిన వారం వీలుకప్ (పట్టికలో ఒక విలువని వెతికి దాని వివరం తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) మీద 22 నిమిషాల వీడియో పెట్టాను. ఒక అమ్మాయి "అన్నా, మీరు చేసినట్టే చేశాను, ఎర్రర్ వస్తోంది" అని స్క్రీన్‌షాట్ పంపింది. చూస్తే కామా ఉండాల్సిన చోట చుక్క పెట్టింది. సరే అని నా వీడియో నేనే ఫోన్లో తెరిచి చూశాను. అది కామానో చుక్కో నాకే తెలియలేదు. 8కి 3కి తేడా లేదు, రెండూ చీమల్లా ఉన్నాయి. పాపం ఆ పిల్ల గంటసేపు కూర్చుని నానా తంటాలు పడిందట. అప్పటి నుంచి మనసుకి చాలా కష్టంగా ఉంది.

నా ల్యాప్‌టాప్ 15.6 అంగుళాలు, స్క్రీన్ 1920 బై 1080. రికార్డింగ్ ఓబీఎస్ స్టూడియోలో. స్క్రీన్ మీద నాకు అన్నీ అద్దంలా కనపడతాయి, వీడియోలోకి వచ్చేసరికే ఎవరో తడి గుడ్డతో తుడిచినట్టు అయిపోతుంది. కొత్త మానిటర్ కొనాలా, లేక డబ్బులు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.


బీటీఎం ఎడిటర్:

బ్రదర్, ముందు ఏమీ కొనకండి. ఓబీఎస్ ఉచితం అని తక్కువ అంచనా వేస్తారు గానీ మీ పనికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. మీ మానిటర్‌తో కూడా ఇబ్బంది లేదు.

మూడు విషయాలు చూసి చెప్పండి. ఓబీఎస్ సెట్టింగ్స్‌లో వీడియో అనే పేజీలో బేస్ కాన్వాస్ రిజల్యూషన్ ఎంత ఉంది, దాని కిందే అవుట్‌పుట్ రిజల్యూషన్ ఎంత ఉంది? అవుట్‌పుట్ పేజీలో రికార్డింగ్ క్వాలిటీ దగ్గర ఏం రాసి ఉంది? రికార్డ్ అయ్యాక యూట్యూబ్‌కి ఎక్కించేలోపు ఆ ఫైల్ ఎవరెవరి చేతుల్లోంచి వెళ్తోంది? మూడోది కూడా దాచకుండా చెప్పండి, చాలామంది దగ్గర అసలు దెబ్బ అక్కడే పడుతుంది.


మారతహళ్లి పీజీ:

థాంక్స్ అన్నా, ఇప్పుడే తెరిచి చూశాను. బేస్ 1920 బై 1080 ఉంది, అవుట్‌పుట్ 1280 బై 720 ఉంది. నేనేం మార్చలేదు, మొదట్లో అదేదో విజార్డ్ అడిగితే ఓకే కొట్టుకుంటూ వెళ్లాను. రికార్డింగ్ క్వాలిటీ దగ్గర సేమ్ యాజ్ స్ట్రీమ్ అని ఉంది, పైన బిట్‌రేట్ 2500.

ఫైల్ సంగతి అంటే, ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న నా ఫ్రెండ్ ఎడిటింగ్ చేసి పెడతాడు. వాట్సాప్‌లో పంపిస్తాను, వాడు ఫోన్లోనే కట్ చేసి, టైటిల్ పెట్టి, 1080లో ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ నాకు వాట్సాప్‌లో పంపుతాడు.


బీటీఎం ఎడిటర్:

దొరికింది. మీ వీడియో యూట్యూబ్‌కి వెళ్లేలోపే నాలుగు చోట్ల దెబ్బలు తింటోంది.

మొదటిది. మీ స్క్రీన్ 1920, రికార్డ్ అయ్యేది 1280. అంటే స్క్రీన్ మీద పక్కపక్కన ఉన్న మూడు చుక్కల్ని (పిక్సెళ్లని) రెండు చుక్కల్లో ఇరికించాలి. సినిమా దృశ్యమో, మనిషి ముఖమో అయితే ఇరికినా కంటికి తెలియదు. అక్షరం అలా కాదు, కామా తోక మీ స్క్రీన్ మీద ఒకటో రెండో పిక్సెళ్లు ఉంటుందంతే, దాన్ని కుదిస్తే నల్లటి తోక కాస్తా బూడిద రంగు మరకై పక్కకి పాకుతుంది. ఆ అమ్మాయికి చుక్కలా కనపడింది అందుకే.

రెండోది. సేమ్ యాజ్ స్ట్రీమ్ అంటే లైవ్ పెట్టేవాళ్లు నెట్ స్పీడుకి సరిపోయేలా పెట్టుకునే బిట్‌రేట్‌తోనే (సెకనుకి ఎంత డేటా అనే లెక్క) మీ ఫైల్ కూడా తయారవుతోంది. మీరు లైవ్ పెట్టడం లేదు, హార్డ్ డిస్క్‌లోకి రాసుకుంటున్నారు, అక్కడ పిసినారితనం ఎందుకు? అవుట్‌పుట్ మోడ్ అడ్వాన్స్‌డ్‌కి మార్చి, రికార్డింగ్ ట్యాబ్‌లో ఎన్‌కోడర్ ఎక్స్264 తీసుకుని, రేట్ కంట్రోల్ సీఆర్‌ఎఫ్ పెట్టి 18 ఇవ్వండి. ఆ నంబర్ తగ్గేకొద్దీ క్వాలిటీ పెరుగుతుంది, ఫైల్ బరువూ పెరుగుతుంది. ఎక్సెల్ స్క్రీన్ ఎక్కువసేపు కదలకుండా ఉంటుంది కదా, అందుకే మీరు భయపడేంత పెద్ద ఫైల్ రాదు. సెకనుకి 30 ఫ్రేములు చాలు, 60 అక్కర్లేదు.

మూడోది వాట్సాప్. అక్కడ వీడియోని వీడియోగా పంపితే చిన్నది చేసి పంపుతుంది, మీది వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి నలిగింది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, 2 జీబీ దాకా ఫైల్ పంపొచ్చు. లేదంటే డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వండి.

నాలుగోది మీ ఫ్రెండ్ 1080లో ఎక్స్‌పోర్ట్ చేయడం. 720లో వచ్చినదాన్ని 1080కి సాగదీస్తే పోయిన తోక తిరిగి రాదు, మరకే కాస్త పెద్ద మరక అవుతుంది. అతని తప్పేం లేదు, చేతికి వచ్చిందే అది.

నేను పెళ్లి వీడియోల ఎడిటింగ్ నుంచి ఇటు వచ్చినవాడిని. ఈ పనిలో నాకు అర్థమైంది ఏంటంటే స్క్రీన్ మీది పిక్సెల్ ఎక్కడా సైజు మారకుండా చివరి ఫైల్ దాకా వెళ్లాలి. బేస్, అవుట్‌పుట్, ఎడిటింగ్ ప్రాజెక్ట్, ఎక్స్‌పోర్ట్, నాలుగు చోట్లా 1920 బై 1080 ఉందా అని ప్రతిసారీ చూసుకోండి. ఇంకొకటి, ఓబీఎస్‌లో విండో క్యాప్చర్ కాకుండా డిస్‌ప్లే క్యాప్చర్ పెట్టుకోండి. విండో క్యాప్చర్‌లో కిటికీ చిన్నగా ఉంటే దాని చుట్టూ వచ్చే ఎర్ర గీత పట్టుకుని లాగి తెర నిండా సాగదీస్తాం, అక్కడ కూడా మసకే. ఇప్పటికే లాగి ఉంటే సోర్స్ మీద క్లిక్ చేసి కంట్రోల్ ఆర్ కొట్టండి, అసలు సైజుకి వచ్చేస్తుంది.


వేళచ్చేరి టీచర్:

నేను చెన్నై నుంచి, ఇంటి దగ్గరే ట్యాలీ, ఎక్సెల్ క్లాసులు చెప్తాను. పైన బ్రదర్ చెప్పినవన్నీ నిజమే, కానీ అవన్నీ సరిచేసినా మీ పిల్లలకు కనపడకపోవచ్చు, ఎందుకో చెప్తాను.

మీ పిల్లలు చూసేది ఫోన్లో. పల్లెల్లో డేటా అయిపోతుందని యూట్యూబ్ క్వాలిటీ 360లో పెట్టుకుని చూసేవాళ్లే ఎక్కువ, నా స్టూడెంట్స్‌లో సగానికి పైగా అంతే. ఎక్సెల్‌లో కాలిబ్రి 11 అక్షరం, 100 శాతం జూమ్‌లో, ఒక అంకె ఎత్తు సుమారు 9 పిక్సెళ్లు. 1080 వీడియోని 360లో చూస్తే అంతా మూడో వంతు అవుతుంది. అంటే అంకె ఎత్తు 3 పిక్సెళ్లు. 8ని 3ని వేరుగా చూపించడానికి 3 పిక్సెళ్లు ఎక్కడ సరిపోతాయమ్మా? రికార్డింగ్ ఎంత శుభ్రంగా ఉన్నా సరిపోవు. అదే షీట్‌ని 200 శాతానికి పెంచితే 18 అవుతుంది, 360లో కూడా 6 పిక్సెళ్లు మిగులుతాయి, కష్టపడి అయినా చదవగలరు.

అందుకే నేను కంట్రోల్ నొక్కి పట్టుకుని మౌస్ చక్రం తిప్పి షీట్‌ని 180, 200 చేసుకుంటాను, కంట్రోల్ ఎఫ్1 కొట్టి పైన రిబ్బన్ (బటన్ల పట్టీ) మూసేస్తాను. కాలమ్స్ తక్కువ కనపడతాయి నిజమే, అందుకని పాఠానికి నాలుగు కాలమ్స్, పది వరసలు ఉన్న చిన్న డేటా తయారు చేసుకుంటాను. ఆఫీసు షీట్ 30 కాలమ్స్‌ది తెచ్చి చూపిస్తే నేర్చుకునేవాళ్లు దేన్ని చూడాలో తెలియక తికమకపడతారు.

ఒక చోట అందరూ బోల్తా పడతారు. షీట్ జూమ్ పెంచితే ఫార్ములా బార్ (షీట్ పైన ఫార్ములా కనపడే పెట్టె) పెరగదు. మీరు ఫార్ములా అక్కడే టైప్ చేసి ఉంటారు, కామా అక్కడే పోయి ఉంటుంది. సెల్‌లో డబుల్ క్లిక్ చేసి సెల్‌లోనే టైప్ చేయండి, లేదా ఎక్సెల్ ఆప్షన్స్‌లో జనరల్ పేజీలో డిఫాల్ట్ ఫాంట్ సైజు 16 పెట్టి ఎక్సెల్ మూసి మళ్లీ తెరవండి, ఫార్ములా బార్ కూడా పెద్దది అవుతుంది. ఇంకా సులువు కావాలంటే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 150 పెట్టండి, మెనూలతో సహా అన్నీ పెరుగుతాయి. ఇప్పుడు మీ దగ్గర స్కేల్ ఎంత ఉంది?


మారతహళ్లి పీజీ:

అక్కా, మీరు దగ్గరుండి చూసినట్టే చెప్పారు. ఫార్ములా బార్‌లోనే టైప్ చేశాను. స్కేల్ 100 ఉంది, ఎక్కువ కాలమ్స్ కనపడాలని నేనే తగ్గించుకున్నాను. పైగా ఆఫీసు షీట్ మాదిరిదే తెచ్చాను, 24 కాలమ్స్.

ఇంకొక సందేహం. ముఖ్యమైన సెల్స్ అని తెలియడానికి నీలం నింపి ఎర్ర అక్షరాలు పెడతాను. అవి మిగతావాటికంటే ఇంకా దారుణంగా అలుక్కుపోయి ఉన్నాయి. అది కూడా 720 వల్లేనా?


వైట్‌ఫీల్డ్ నుంచి:

దానికి కారణం వేరే, నేను చెప్తాను, నా పని వీడియో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.

యూట్యూబ్‌లో గానీ ఫోన్లో గానీ మనం చూసే మామూలు వీడియోలో వెలుగు నీడల్ని ప్రతి పిక్సెల్‌కి విడిగా దాస్తారు, రంగుని మాత్రం పక్కపక్కన ఉన్న నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒకటే దాస్తారు. మన కన్ను వెలుగు తేడాని పట్టినంత సన్నగా రంగు తేడాని పట్టలేదు కాబట్టి మామూలు దృశ్యాల్లో ఇది తెలియదు, ఫైల్ మాత్రం బాగా తగ్గుతుంది. దీన్ని 4:2:0 అంటారు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అయితే తేడా అంతా వెలుగులోనే ఉంటుంది, అందుకే చెక్కినట్టు నిలుస్తుంది. నీలం మీద ఎరుపు అయితే రెండూ ముదురు రంగులే, వెలుగులో తేడా తక్కువ, ఉన్న తేడా అంతా రంగులో ఉంది, ఆ రంగేమో నాలుగింటికి ఒకటి. అక్షరం అంచు నీలంలోకి కారిపోతుంది. మీరు 1080లో రికార్డ్ చేసినా ఇది పోదు.

కాబట్టి లేత పసుపు నింపి నల్ల అక్షరాలు పెట్టండి. ప్రోగ్రామింగ్ వీడియోలు చేసేవాళ్లు కూడా నల్ల థీమ్‌లో ముదురు ఎరుపు, ముదురు నీలం అక్షరాలు మానేస్తే మంచిది, చాలామంది అందంగా ఉందని అదే పెడతారు, చూసేవాళ్ల కళ్లు లాగేస్తాయి.

ఇంకో సంగతి, వీడియో ఎక్కించగానే చూసి కంగారుపడకండి. యూట్యూబ్ ముందు తక్కువ క్వాలిటీది సిద్ధం చేస్తుంది, హెచ్‌డీ తర్వాత వస్తుంది. ప్రైవేట్‌లో ఎక్కించి, 1080 వచ్చిందని చూసుకున్నాకే పబ్లిక్ చేయండి.


కేఆర్ పురం డిప్లొమా:

నాకు ఇంత మంచి ల్యాప్‌టాప్ లేదు సార్, సెకండ్ హ్యాండ్‌ది, స్క్రీన్ 1366 బై 768. అందరూ 1080 అంటున్నారు, నాలాంటివాళ్లు ఎస్పీ రోడ్డుకి వెళ్లి పాత మానిటర్ అయినా తెచ్చుకోవాల్సిందేనా?


వైట్‌ఫీల్డ్ నుంచి:

అవసరం లేదు. 1366ని 1920కి సాగదీస్తే ఒక్కో పిక్సెల్ ఒకటిన్నర కూడా కాదు, 1.4 అవుతుంది, అందుకే అది ఎప్పుడూ మసకే. మీరు రికార్డింగ్ అప్పుడు విండోస్‌లో రిజల్యూషన్ 1280 బై 720కి మార్చండి. మీ కంటికి స్క్రీన్ కొంచెం మసకగా కనపడుతుంది, భయపడొద్దు, అది ప్యానెల్ సాగదీస్తున్న మసక. ఓబీఎస్ తీసుకునేది అంతకు ముందే కాబట్టి ఫైల్‌లో స్పష్టంగా ఉంటుంది. బేస్, అవుట్‌పుట్ రెండూ 1280 బై 720. ఆ తర్వాత ఎడిటింగ్‌లో సరిగ్గా రెండింతలు చేసి 2560 బై 1440లో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఒక పిక్సెల్ నాలుగు అవుతుంది, సాగదీసే పద్ధతి అడిగితే నియరెస్ట్ అని ఎంచుకోండి, అంచులు చెడవు. పైగా 720లో అక్షరాలు ఎలాగూ పెద్దగా ఉంటాయి, ఫోన్లో చూసేవాళ్లకి మీ వీడియోనే హాయిగా ఉండొచ్చు.


బీటీఎం ఎడిటర్:

దీంతో నేను పూర్తిగా ఏకీభవించను. లేని వివరాన్ని పెద్దది చేసి ఎక్కించడం వల్ల ఫైల్ బరువు తప్ప ఏం లాభం? పీజీ వైఫైలో 1440 ఫైల్ ఎక్కాలంటే రాత్రంతా పడుతుంది.


వైట్‌ఫీల్డ్ నుంచి:

లేని వివరం రాదు, అది మీరన్నది కరెక్టే. కానీ ఉన్న వివరం పోకుండా ఉంటుంది. 30 ఫ్రేముల వీడియో ఎక్కించేటప్పుడు బిట్‌రేట్ 1080కి 8 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), 1440కి 16 ఎంబీపీఎస్ ఉండాలని యూట్యూబే సిఫారసు చేస్తుంది. ఎక్కాక వాళ్లు మళ్లీ కుదించేటప్పుడు కూడా పెద్ద సైజుకి ఎక్కువ బిట్లు ఇస్తారు. నేను ఒకే రికార్డింగ్‌ని రెండు సైజుల్లో ఎక్కించి, వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిచి చూశాను, నా చానల్‌లో 1080దానికి ఏవీసీ1 అనే కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) ఇచ్చింది, 1440దానికి వీపీ09 ఇచ్చింది. రెండో దాంట్లో సన్న అక్షరాలు స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి. అయితే చూసేవాళ్లు పెద్ద క్వాలిటీ పెట్టుకుంటేనే ఈ లాభం, 360లో చూసేవాళ్లకి వేళచ్చేరి మేడమ్ చెప్పిందే మందు. నెట్ సరిపోకపోతే 1080లోనే ఎక్కించండి, కొంపలేం మునగవు.


వేళచ్చేరి టీచర్:

ఇంకో రెండు మాటలు, నేను దెబ్బ తిని నేర్చుకున్నవి.

నేను డెస్క్‌టాప్ మీద చేస్తాను. ఒకసారి 40 నిమిషాల జీఎస్టీ ఎంట్రీల పాఠం చివర్లో కరెంట్ పోయింది. ఎంపీ4లో రికార్డ్ అవుతోంది, మధ్యలో ఆగిపోయేసరికి ఫైల్ తెరుచుకోలేదు, మొత్తం పోయింది. అప్పటి నుంచి ఎంకేవీ అనే ఇంకో ఫైల్ రకంలోనే రికార్డ్ చేస్తాను, కరెంట్ పోయినా అప్పటిదాకా చెప్పింది మిగులుతుంది. ఎడిటింగ్‌కి ఎంపీ4 కావాలంటే ఓబీఎస్ ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ ఉంది, క్వాలిటీ ఏమాత్రం తగ్గకుండా క్షణాల్లో మార్చి ఇస్తుంది.

రెండోది, రికార్డింగ్ ముందు నోటిఫికేషన్లు ఆపేయండి. నా పాఠం మధ్యలో ఒక బ్యాంకు మెసేజ్ మూలన వచ్చి వెళ్లింది, చూసుకోకుండా ఎక్కించేశాను, ఒక స్టూడెంట్ తల్లి ఫోన్ చేసి చెప్పారు.

పెద్దది చేసి చూపించాలంటే జూమిట్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లది ఉచితంగా దొరుకుతుంది, కంట్రోల్ 1 నొక్కితే మౌస్ ఉన్నచోట పెద్దదవుతుంది, కంట్రోల్ 2 నొక్కితే స్క్రీన్ మీద గీయొచ్చు. నేను గీయడానికే వాడతాను. పెద్దది చేయడానికి ఎక్సెల్ సొంత జూమే మేలు, ఎందుకంటే అది అక్షరాన్ని కొత్తగా గీస్తుంది, జూమిట్ ఉన్న బొమ్మనే పెద్దది చేస్తుంది.


మారతహళ్లి పీజీ:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఈ ఆదివారం మళ్లీ మొదటి నుంచి చేశాను. స్కేల్ 150, షీట్ జూమ్ 140, నాలుగు కాలమ్స్, పన్నెండు వరసలు, కిరాణా కొట్టు సరుకుల పట్టీ తీసుకున్నాను, బియ్యం, కందిపప్పు, నూనె, వాటి ధరలు. బేస్, అవుట్‌పుట్ రెండూ 1920 బై 1080, సీఆర్‌ఎఫ్ 18, ఎంకేవీ. ఫ్రెండ్‌కి డ్రైవ్ లింక్ పంపి, ఫోన్లో కాకుండా ల్యాప్‌టాప్‌లో 1080 ప్రాజెక్ట్ పెట్టి కట్ చేయమన్నాను, వాడు ముందు విసుక్కున్నాడు గానీ చేశాక వాడే ఫోన్ చేసి ఇంత తేడానా అన్నాడు. 1440 ఈసారి పెట్టలేదు, మా పీజీ వైఫై ఓపిక పట్టదు.

ఒకే చోట ఆపి పాత వీడియో, కొత్త వీడియో పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాంట్లో పొడుగు మాటలు బూడిద గీతల్లా ఉండేవి, కొత్తదాంట్లో కందిపప్పులోని పకార ఒత్తు కూడా విడిగా కనపడుతోంది. ఫోన్లో 360లో పెట్టి, చెయ్యి చాచి పట్టుకుని చూశాను, మెనూల పేర్లు కష్టమే గానీ ఫార్ములా మొత్తం చదవగలిగాను.

స్కేల్ 150 పెట్టాక ఒక ఇబ్బంది వచ్చింది, ఫార్ములా టైప్ చేసేటప్పుడు కింద వచ్చే సాయం పెట్టె పక్క వరసని కప్పేస్తోంది. అక్కా, దానికి మీరేం చేస్తారు?

ఆ అమ్మాయికి లింక్ పంపాను. రాత్రి స్క్రీన్‌షాట్ పెట్టింది, ఈసారి ధరలన్నీ సరిగ్గా వచ్చాయి, కింద "కామా తోక కనపడింది అన్నా" అని రాసింది.


వేళచ్చేరి టీచర్:

చాలా సంతోషం తమ్ముడూ. ఆ పెట్టె అంచు మీద మౌస్ పెడితే నాలుగు బాణాల గుర్తు వస్తుంది, పట్టుకుని పక్కకి లాగేయండి. లేదా ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ పేజీలో ఫంక్షన్ స్క్రీన్‌టిప్స్ దగ్గర టిక్ తీసేయండి. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అది కనపడితేనే మంచిది, ఏ స్థానంలో ఏం రాయాలో అదే చెప్తుంది కదా, నేనైతే పక్కకి లాగి ఉంచుతాను.